కాలేజీలో ఉండగానే పెద్ద బిజినెస్ స్కూలుకి అప్లై చేయొచ్చా?

అడిగిన ప్రశ్న: అక్కా, మాది తెనాలి. విజయవాడ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నా. సీజీపీఏ 8.4. నాన్నకి ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. కాలేజీ నుంచే హార్వర్డ్ లాంటి చోట ఎంబీఏకి అప్లై చేయొచ్చా? ఐఐటీ వాళ్లకి తప్ప రాదని సీనియర్లు అంటున్నారు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు లక్షన్నర ఇస్తే మొత్తం మేమే చూసుకుంటామంటున్నారు. లేకపోతే క్యాట్ రాసి ఐఐఎంకి వెళ్లడమే మంచిదా? ఉద్యోగం చేసి మళ్లీ చదువుతానంటే, మరి పెళ్లెప్పుడని ఇంట్లో అడుగుతున్నారు. ఏదీ తేలక టెన్షన్‌గా ఉంది.

జవాబు:

చెల్లీ, అప్లై చెయ్యి. తప్పకుండా చెయ్యి. కానీ అప్లై చేయడం వేరు, వెళ్లి చేరడం వేరు. నీ ప్రశ్నలో ఈ రెండూ కలిసిపోయాయి, టెన్షన్ అంతా అక్కడి నుంచే వస్తోంది. అమెరికాలోని పెద్ద బిజినెస్ స్కూళ్ల విషయంలో నా అభిప్రాయం ఇది: చదువుకుంటున్నప్పుడే అప్లై చెయ్యి, సీటు వస్తే రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి అప్పుడు చేరు. ఇది నేను కల్పించిన మార్గం కాదు. ఆ స్కూళ్లే దీనికోసం ప్రత్యేకంగా ఒక దారి పెట్టాయి. మన కాలేజీల్లో దాని గురించి చెప్పేవాళ్లే తక్కువ. నేను ఎంబీఏ చేసి చాలా ఏళ్లయింది, ఏటా కొంతమంది పిల్లల అప్లికేషన్లు కూర్చుని చదువుతుంటాను. మన దగ్గర నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఈ దారి గురించి ఉద్యోగంలో చేరిపోయాకే వింటున్నారు. అప్పటికి అది మూసుకుపోయి ఉంటుంది.

దీన్ని డిఫర్డ్ అడ్మిషన్ అంటారు. హార్వర్డ్ దీనికి 2+2 అని పేరు పెట్టి 2007లో ప్రకటించింది. డిగ్రీ చివరి సంవత్సరంలో అప్లై చేస్తావు. సీటు ఇస్తే అది నీ పేరు మీద ఉంటుంది. నువ్వు వెళ్లి కనీసం రెండేళ్లు, ఎక్కువలో ఎక్కువ నాలుగేళ్లు ఉద్యోగం చేసి, ఆ తర్వాత రెండేళ్ల ఎంబీఏలో చేరతావు. స్టాన్‌ఫోర్డ్, వార్టన్, షికాగో బూత్, కొలంబియా, ఎంఐటీ స్లోన్, కెలాగ్, బర్కిలీ హాస్, వర్జీనియాలోని డార్డెన్, వీటన్నిటికీ ఇలాంటివే ఉన్నాయి. పేర్లు వేరు, ఎన్నేళ్లు ఆగొచ్చు అనేదాంట్లో కొంచెం తేడా, అంతే. ఎక్కువ స్కూళ్లకి గడువు ఏడాదికి ఒక్కసారే, ఏప్రిల్ నెలలో వస్తుంది. హార్వర్డ్ మామూలు ఎంబీఏ అప్లికేషన్ ఫీజు 250 డాలర్లయితే 2+2కి 100 డాలర్లే తీసుకుంటూ వచ్చింది. మరికొన్ని స్కూళ్లు కూడా విద్యార్థులకి ఫీజు తగ్గిస్తాయి, అడిగితే మాఫీ చేసేవి కూడా ఉన్నాయి. ఈ ఏడాది ఎంత, గడువు ఏ తేదీ అన్నది ఆయా స్కూళ్ల సైట్లలోనే చూసుకో.

ఇందులో ముఖ్యమైన షరతు ఒకటుంది. ఇది చదువుతున్నవాళ్లకి మాత్రమే. డిగ్రీ అయిపోయి ఫుల్‌టైమ్ ఉద్యోగంలో చేరావంటే ఇక ఈ దారి లేదు, మామూలు అభ్యర్థుల వరుసలో నిలబడాల్సిందే. ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది నీకు కాకపోయినా నీ స్నేహితులకి పనికొస్తుంది. బీటెక్ అవగానే, మధ్యలో ఉద్యోగం చేయకుండా, నేరుగా అమెరికాకి ఎంఎస్‌కి వెళ్లేవాళ్లు మన రెండు రాష్ట్రాల నుంచి వేలల్లో ఉన్నారు. వాళ్లు ఎంఎస్ చివరి ఏడాదిలో కూడా హార్వర్డ్ 2+2కి అప్లై చేయొచ్చు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో చదువుతున్న మనవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు బహు తక్కువ. నీకు తెలిసినవాళ్లుంటే ఈరోజే ఫోన్ చేసి చెప్పు.

మరి నేరుగా ఎందుకు చేరకూడదు, రెండేళ్లు ఎందుకు ఆగాలి అంటావా? హార్వర్డ్‌లో మొదటి ఏడాది ఒక్కో సెక్షన్‌లో 90 మంది దాకా కూర్చుంటారు. అక్కడ బోర్డు మీద పాఠం చెప్పరు. ఏదో ఒక కంపెనీకి నిజంగా వచ్చిన సమస్య ముందురోజే నీ చేతికిస్తారు. మర్నాడు ప్రొఫెసర్ ఒకరిని పేరు పెట్టి పిలిచి, ఆ మేనేజర్ స్థానంలో నువ్వుంటే ఏం చేస్తావని అడుగుతారు. మిగతావాళ్లు ఒప్పుకుంటారు, కాదంటారు, వాదిస్తారు. మార్కుల్లో సగం దాకా ఇలా క్లాసులో మాట్లాడినదానికే. పక్కన కూర్చున్నవాళ్లు నాలుగైదేళ్లు ఆసుపత్రులు నడిపినవాళ్లు, సైన్యంలో పనిచేసినవాళ్లు, ఫ్యాక్టరీల్లో మనుషుల్ని నియమించి తీసేసినవాళ్లు. జీతం రాళ్లు ఎలా ఉంటాయో చూడని మనిషి ఆ గదిలో చెప్పగలిగేది తక్కువ, అందుకే నేర్చుకోగలిగేదీ తక్కువే. పైగా చదువయ్యాక ఉద్యోగాలిచ్చే కంపెనీలు ఎంబీఏ వాళ్లకిచ్చే హోదాకి వెనక కొంత అనుభవం ఉండాలని చూస్తాయి. మనవాళ్లలో అందరికీ తెలిసిన ఇద్దరిని చూడు. సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, ఉద్యోగం మానకుండానే షికాగోలో ఎంబీఏ చదివి 1997లో పూర్తి చేశారు. ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివి, అడోబీ కంపెనీని నడిపించిన శంతను నారాయణ్ కూడా ఉద్యోగం చేస్తూనే బర్కిలీలో ఎంబీఏ చేశారు. ఇద్దరికీ క్లాసులో విన్నది మర్నాడు ఆఫీసులో పనికొచ్చి ఉంటుంది.

నిజంగా మధ్యలో ఆగకుండా చేరాలనుకుంటే పెద్ద స్కూళ్లలో యేల్ ఒకటి ఉంది, సిల్వర్ స్కాలర్స్ పేరుతో. అదీ మూడేళ్లది: మొదటి ఏడాది క్లాసులు, రెండో ఏడాది బయటికి వెళ్లి ఫుల్‌టైమ్ ఉద్యోగం, మూడో ఏడాది మళ్లీ క్లాసులు. అక్కడ కూడా అనుభవాన్ని వదిలెయ్యలేదు, మధ్యలో ఇరికించారు. యూరప్‌లో అయితే ఎంబీఏ కాకుండా మాస్టర్స్ ఇన్ మేనేజ్‌మెంట్ అనే డిగ్రీ ఉంది, ప్రత్యేకంగా కొత్త గ్రాడ్యుయేట్ల కోసమే. ప్యారిస్‌లో హెచ్ఈసీ, లండన్ బిజినెస్ స్కూల్, స్విట్జర్లాండ్‌లో సెయింట్ గాలెన్ దీనికి పేరున్న చోట్లు. యూరప్‌లో స్థిరపడాలని ఉంటే మంచిదే. నీ ప్రశ్నలో ఆ ఉద్దేశం కనిపించలేదు కాబట్టి అంతకంటే చెప్పను.

ఇప్పుడు సీనియర్ల మాట. ఐఐటీ పేరు ఉపయోగపడుతుంది, లేదని అబద్ధం చెప్పను. 2+2లో చోటు దొరికేది ప్రపంచం మొత్తం మీద ఏటా వంద పైచిలుకు మందికి, అందులో మనదేశం వాటా కొంచెమే. రాకపోవడానికే ఎక్కువ అవకాశం అని తెలుసుకునే దిగాలి. కానీ ఐఐటీ వాళ్లకి తప్ప రాదన్న మాట మాత్రం తప్పు. అడ్మిషన్స్ కమిటీకి నీ కాలేజీ పేరు తెలియకపోవచ్చు. వాళ్లు చూసేది, ఉన్నచోట ఉన్నవాటితో నువ్వేం చేశావన్నది. 8.4 చాలు. దాన్ని నాలుగు పాయింట్ల స్కేలులోకి సొంతంగా మార్చకు, మార్కుల మెమోలో ఎలా ఉంటే అలాగే రాయి. క్లాసులో నీ స్థానం ఎంతో కాలేజీ రాసిస్తే అది కూడా తీసుకో, తెలియని కాలేజీ విషయంలో అది వాళ్లకి బాగా ఉపయోగపడుతుంది. ఆ పక్కన ఈ స్కూళ్లు అడిగే ప్రవేశ పరీక్షల్లో, అంటే జీఆర్ఈలోనో జీమ్యాట్‌లోనో, మంచి స్కోరు ఉంటే, ఈ అమ్మాయి చదువు తట్టుకోగలదా అన్న సందేహం అక్కడితో తీరిపోతుంది.

అసలు తేలేది అప్లికేషన్‌తో పాటు నీ గురించి రాసి పంపాల్సిన వ్యాసాల దగ్గర. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన పిల్లలు నష్టపోయేది ఇక్కడే.

నీ మెసేజ్‌లో, పైన వేయని భాగంలో, నువ్వు చేసినవన్నీ రాశావు: టెక్నికల్ క్లబ్ వైస్ ప్రెసిడెంట్, ఫెస్ట్‌కి స్పాన్సర్లని తేవడం, ఎన్ఎస్ఎస్ క్యాంపు, రెండు ఆన్‌లైన్ సర్టిఫికెట్లు. చివర్లో, ఇది పనికొస్తుందో లేదో అంటూ, నాన్న షాపులో అప్పుల ఖాతా పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎవరు ఎప్పుడు కడుతున్నారో లెక్క తీశానని ఒక్క వాక్యం రాశావు. చెల్లీ, నీ అప్లికేషన్ ఆ వాక్యమే. మిగతావి మన రాష్ట్రంలో ప్రతి కాలేజీలో ప్రతి బ్యాచ్‌లో కొందరికి ఉంటాయి. ఇది నీకే ఉంది.

కొంచెం తవ్వి చూడు. యూరియా బస్తా ధర ప్రభుత్వం కట్టేసింది, 45 కిలోలు 266 రూపాయల 50 పైసలు. దాని మీద షాపుకి మిగిలేది చాలా తక్కువ. పైగా ప్రతి అమ్మకాన్నీ మామూలుగా రైతు వేలిముద్ర తీసుకుని షాపులోని మిషన్‌లో నమోదు చెయ్యాలి. అంటే షాపు బతికేది మిగతా సరుకు మీద, అంతకంటే ముఖ్యంగా అరువు ఎంత త్వరగా వసూలవుతుందన్న దాని మీద. మీ వైపు వరి కోత అయ్యాక కొందరు మినుము వేస్తారు, కొందరు మొక్కజొన్న. ఎవరు ఏ పంట వేశారన్నదాన్ని బట్టి వాళ్ల చేతికి డబ్బు వచ్చే నెల మారుతుంది. కౌలు రైతుది ఇంకో కథ, ముందు కౌలు కట్టాలి, ఆ తర్వాతే షాపు బాకీ. ఇవన్నీ నువ్వు చిన్నప్పటి నుంచి చూసినవి. లెక్క తీసినప్పుడు నీకు ఏం కనిపించింది? నాన్న నమ్మకస్తులనుకున్నవాళ్లు ఆలస్యం చేస్తున్నారా? చిన్న రైతులే ముందు కడుతున్నారా? ఆ లెక్క చూపిస్తే నాన్న ఏమన్నారు? పాతికేళ్లుగా వస్తున్న మనిషికి అరువు ఆపుదామని నువ్వంటే ఆయన ఒప్పుకున్నారా? ఒప్పుకోకపోతే ఇద్దరూ కలిసి ఏం తేల్చారు? తర్వాతి పంటకి ఏమైనా మారిందా?

వీటికి నిజమైన జవాబులు రాస్తే అందులో వ్యాపారం ఉంది, మనుషులున్నారు, పెద్దవాళ్లని ఒప్పించడం ఉంది, ఒప్పించలేకపోవడం కూడా ఉంది. హార్వర్డ్ ఈమధ్య తన వ్యాసాల ప్రశ్నల్లో వెతుకుతున్నవి మూడు: వ్యాపారం మీద దృష్టి, నాయకత్వం, ఎదగాలన్న కుతూహలం. ఆ మూడూ నీకు తెనాలి షాపులోనే ఉన్నాయి. స్టాన్‌ఫోర్డ్ ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది: నీకు అన్నిటికంటే ముఖ్యమైనది ఏది, ఎందుకు? దీనికి సమాజ సేవ, మహిళా సాధికారత అని పెద్ద మాటలతో మొదలుపెట్టేవాళ్లు వందల్లో ఉంటారు. అరువు రాసుకున్న పుస్తకం ముందు కూర్చుని, ఈ పేరు కొట్టెయ్యాలా వద్దా అని ఒక సాయంత్రమంతా ఆలోచించిన అమ్మాయి ఒక్కతే ఉంటుంది.

రాసేటప్పుడు ముందు తెలుగులో రాసుకో. నిజంగా చెబుతున్నా. మన పిల్లలు ఇంగ్లిష్‌లో మొదలుపెట్టగానే వాళ్ల గొంతు పోయి బ్రోషర్ భాష వచ్చేస్తుంది. అమ్మకి చెబుతున్నట్టు తెలుగులో మొత్తం రాసి, జరిగింది జరిగినట్టు ఉందని తేల్చుకున్నాక ఇంగ్లిష్‌లోకి తెచ్చుకో. వాక్యాలు చిన్నవైనా ఫర్వాలేదు. గ్రామర్ తప్పులు ఎవరిచేతైనా దిద్దించుకోవచ్చు, కానీ ఒక్క సంఘటన కూడా ఎవరిచేతా రాయించుకోకు. ఇంటర్వ్యూ దాకా వెళితే హార్వర్డ్‌లో అరగంట ఉంటుంది. ఎదుటివాళ్లు నీ ఫైలు మొత్తం చదివి వస్తారు, రాసినదాంట్లో నుంచే లోతుకి వెళతారు. నీది కానిది ఏదైనా ఉంటే మూడో ప్రశ్నకి బయటపడుతుంది.

అందుకే కన్సల్టెన్సీకి లక్షన్నర ఇవ్వొద్దంటాను. మన ఊళ్లలో ఎక్కువ కన్సల్టెన్సీలు నడిచేది కొన్ని విదేశీ యూనివర్సిటీలు ఇచ్చే కమిషన్ల మీద. హార్వర్డ్, స్టాన్‌ఫోర్డ్ లాంటివి ఏజెంట్లకి కమిషన్ ఇవ్వవు, కాబట్టి అక్కడి పద్ధతి తెలుసుకోవాల్సిన అవసరం వాళ్లకి ఎప్పుడూ రాలేదు. వాళ్ల దగ్గర ఉన్న అచ్చు వ్యాసంలో నీ పేరు పెట్టి ఇస్తారు. ఆ డబ్బులో చిన్న భాగంతో జీఆర్ఈ ఫీజు, రెండు మూడు అప్లికేషన్ ఫీజులు కట్టెయ్యొచ్చు.

రికమండేషన్ల సంగతి. చాలా స్కూళ్లు ఇద్దరిని అడుగుతాయి. మన కాలేజీల్లో అలవాటు తెలిసిందే: నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను అంటారు. ఇక్కడ అది కుదరదు. స్కూలు వాళ్లే రికమండ్ చేసేవాళ్లకి నేరుగా మెయిల్‌లో లింకు పంపుతారు, వాళ్లే నింపాలి. అందులో అడిగేవి కూడా సూటిగా ఉంటాయి: ఈ విద్యార్థికి మీరు ఇచ్చిన ముఖ్యమైన విమర్శ ఏది, దానికి ఆమె ఎలా స్పందించింది? నిన్ను హాజరు పట్టీలో తప్ప చూడని హెచ్ఓడీ దీనికి ఏం రాయగలరు? హోదా చూడకు. ప్రాజెక్టులో నీతో రాత్రి దాకా ల్యాబ్‌లో ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసర్ మేలు. ఈ వేసవిలో ఇంటర్న్‌షిప్ చేస్తే అక్కడ నీ పని రోజూ చూసే మనిషి ఇంకా మేలు. వాళ్లకి ముందే, ఫిబ్రవరిలోనే, నువ్వు చేసిన పనులు ఒక పేజీలో గుర్తుచేస్తూ ఇవ్వు. రాసేది మాత్రం వాళ్లనే రాయనివ్వు. మొహమాటపడి నువ్వు రాసి ఇచ్చావంటే, వ్యాసాల్లో ఉన్న గొంతే ఉత్తరాల్లోనూ వినిపిస్తుంది, చదివేవాళ్లు పట్టేస్తారు.

పరీక్ష విషయంలో పెద్దగా తల పగలగొట్టుకోకు. జీఆర్ఈ ఇప్పుడు రెండు గంటల్లోపు పరీక్ష, జీమ్యాట్ కొత్త రూపంలో రెండుంబావు గంటలు. రెండిటి స్కోరూ ఐదేళ్లు చెల్లుతుంది, స్కూళ్లు రెండిటినీ తీసుకుంటాయి. తలా ఒక మోడల్ పరీక్ష రాసి ఏది సులువుగా అనిపిస్తే అది పట్టుకో. జీమ్యాట్ స్కోర్ల గురించి ఒక జాగ్రత్త: పాత పరీక్షలో 700 అంటే గొప్ప. కొత్తది 205 నుంచి 805 దాకా ఉంటుంది, అందులో 645 అంటే దాదాపు ఆ స్థాయే. పాత లెక్కతో పోల్చుకుని దిగులు పడేవాళ్లని చూశాను.

ఇక క్యాట్, ఐఐఎంలు. ఇది విడిగా ఆలోచించాల్సిన విషయం. ఐఐఎంలలో కాలేజీ నుంచి నేరుగా చేరడం మామూలే, అక్కడి కోర్సు మొదటి నుంచీ కొత్తవాళ్లని కూడా దృష్టిలో పెట్టుకుని నడుస్తోంది. పెప్సికో మాజీ అధిపతి ఇంద్రా నూయి మద్రాసులో డిగ్రీ అవగానే ఐఐఎం కలకత్తాలో చేరి 1976లో బయటికొచ్చారు, కొన్నాళ్లు ఉద్యోగం చేసి ఆ తర్వాత యేల్‌లో చదివారు. పనిచెయ్యాలనుకునేది మనదేశంలోనే అయితే, కన్సల్టింగ్, మార్కెటింగ్, బ్యాంకింగ్ లాంటివి కావాలనుకుంటే, మంచి ఐఐఎంలో సీటు వస్తే నేరుగా చేరడంలో తప్పు లేదు. ఒక్క సంగతి మాత్రం ముందే తెలుసుకో. ఐఐఎంలో చేరిన కొద్ది నెలలకే వేసవి ఇంటర్న్‌షిప్‌ల కోసం కంపెనీలు వస్తాయి. అప్పటికి నీ సీవీలో ఉండేది కాలేజీలో చేసినదే. ఉద్యోగం చేసి వచ్చినవాళ్ల సీవీ పక్కన అది నిలబడాలి. అందుకే చివరి ఏడాది క్యాట్ కోచింగ్ పేరుతో మిగతావన్నీ మానెయ్యకు.

క్యాట్ మామూలుగా నవంబర్ చివరి ఆదివారం వస్తుంది, ఆగస్టులో రిజిస్ట్రేషన్ మొదలవుతుంది. మూడు భాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఏటా రెండు లక్షల పైన, మూడు లక్షలకి దగ్గరగా రాస్తున్నారు. మన పిల్లలకి లెక్కలు ఇబ్బంది కాదు, ఇంగ్లిష్ ప్యాసేజీల దగ్గర పోతుంది. అది రెండు నెలల కోచింగ్‌తో రాదు, ఇప్పటి నుంచే రోజూ ఏదో ఒక మంచి వ్యాసం చదువు. ఇంటర్‌లో వెయ్యికి 970 వచ్చాయని కూడా రాశావు, దాని మీద మరీ నమ్మకం పెట్టుకోకు. ఐఐఎం బెంగళూరు పదో తరగతి, ఇంటర్ మార్కుల్ని బోర్డుల వారీగా సర్దుతుంది. మన బోర్డులో చాలామందికి అంత వస్తాయి కాబట్టి ఆ సర్దుబాటులో మనకి కలిసొచ్చేది తగ్గిపోతుంది. కొత్త ఐఐఎంలని తక్కువగా చూడకు. విశాఖపట్నంలోది 2015లో మొదలైంది, మన రాష్ట్రంలోనే ఉంది. కానీ ఎక్కడో ఒకచోట ఎంబీఏ అయిపోతే చాలన్న తొందరలో అప్పు చేసి నచ్చని కాలేజీలో మాత్రం చేరకు. ఎంబీఏ చాలామందికి జీవితంలో ఒకసారే చేసే చదువు.

హైదరాబాద్ ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) గురించి నువ్వు అడగలేదు గానీ నీకు దగ్గరది కాబట్టి చెబుతున్నా. అక్కడ ఏడాది ఎంబీఏకి సాధారణంగా రెండేళ్ల ఉద్యోగం తప్పనిసరి. ఈమధ్య కొత్తవాళ్ల కోసం యంగ్ లీడర్స్ పేరుతో 20 నెలల ప్రోగ్రాం కూడా మొదలుపెట్టారు, దాని వివరాలు వాళ్ల సైట్లో చదువు. ఫీజు తక్కువేమీ కాదు.

డబ్బు విషయానికొస్తే, ఐఐఎం అహ్మదాబాద్ లాంటి చోట రెండేళ్లకి 25 లక్షలు దాటింది. అయినా పేరున్న ఐఐఎంలకి, ఐఎస్‌బీకి స్టేట్ బ్యాంక్ లాంటివి ఆస్తి తాకట్టు లేకుండానే స్కాలర్ లోన్ ఇస్తాయి. నాన్న షాపు పత్రాలు పెట్టాల్సిన అవసరం రాకపోవచ్చు. అమెరికా సంగతి వేరే. హార్వర్డ్‌లో ఖర్చులన్నీ కలిపి ఏడాదికి లక్ష డాలర్లు దాటుతుంది. ఆ అంకె చూసి ఇప్పుడే వెనక్కి తగ్గకు. హార్వర్డ్ స్కాలర్‌షిప్ కుటుంబ ఆర్థిక పరిస్థితిని బట్టే ఇస్తుంది, దాదాపు సగం మందికి ఏదో ఒక మేరకు అందుతుంది. స్టాన్‌ఫోర్డ్‌కి వెళ్లే భారతీయులకి రిలయన్స్ ధీరూభాయ్ ఫెలోషిప్ ఉంది, ఏటా ఐదుగురి దాకా ట్యూషన్ ఫీజు కట్టేస్తారు. చదువయ్యాక రెండేళ్లలోపు తిరిగి వచ్చి కనీసం రెండేళ్లు ఇక్కడ పనిచెయ్యాలన్నది షరతు. నీలాంటి మనిషికి అది షరతులా కూడా అనిపించదేమో. వీసా సంగతి మాత్రం నిజాయితీగా చెప్పాలి. 2025 సెప్టెంబర్‌లో అక్కడ ఉద్యోగం చేయడానికిచ్చే హెచ్‌1బీ వీసా కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము పెడుతూ అమెరికా ప్రకటన చేసింది. కాబట్టి అక్కడే ఉండిపోయి అప్పు తీర్చుకుంటానన్న ఒక్క లెక్క మీద వెళ్లకు. నువ్వు చేరే నాటికి ఇంకో మూడు నాలుగేళ్లు గడుస్తాయి, రూల్స్ ఎటు మారతాయో అప్పుడు చూసుకుని నిర్ణయం తీసుకునే వీలు డిఫర్డ్ సీటుతో నీకు ఉంటుంది.

ఇంట్లో పెళ్లి మాట. అమ్మానాన్నల భయం అర్థం చేసుకో, వాళ్లకి కనిపిస్తున్నది అంతు తెలియని చదువు. ఉద్యోగం చేస్తాను, ఆ తర్వాత ఏదో చదువుతాను అంటే ఎవరికైనా కంగారే. అదే చేతిలో సీటు ఉత్తరం ఉండి, ఫలానా సంవత్సరం ఆగస్టులో చేరాలి, ఫలానా సంవత్సరం మేలో అయిపోతుంది అని తేదీలతో చెబితే మాట్లాడుకోవడం తేలికవుతుంది. సంబంధాలు చూసినా, ఆ తేదీలు ముందే చెప్పి చూడొచ్చు. ఉత్తరం రాకముందు కూడా నాన్నతో ఒక్కసారి కూర్చో. నీ వ్యాసంలో ఆయన ఉన్నారు, ఆ లెక్కల గురించి ఆయన్ని మళ్లీ అడగాల్సి వస్తుంది కూడా. నాలుగేళ్లు ఇంట్లో వాదించడం కన్నా అలా మొదలుపెట్టడం నయం.

సీటు రాకపోతే? హార్వర్డ్ 2+2లో రానివాళ్లు ఉద్యోగం చేశాక మామూలు పద్ధతిలో మళ్లీ అప్లై చేయొచ్చు, ఒకసారి రాలేదన్నది మచ్చ కాదు. జీఆర్ఈ స్కోరు అప్పటికీ చెల్లుతుంది. రాసుకున్న వ్యాసం ఉద్యోగం ఇంటర్వ్యూల్లో కూడా పనికొస్తుంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్ వదులుకోవాల్సిన పనీ లేదు. వచ్చిన ఉద్యోగాల్లో ఏది ఎంచుకోవాలంటే, జీతం కొంచెం తక్కువైనా నిర్ణయాలు తీసుకునేవాళ్లకి దగ్గరగా కూర్చోబెట్టేది. ఇరవై మంది ఉన్న కంపెనీలో రెండేళ్లు, పెద్ద కంపెనీలో ప్రాజెక్టు లేకుండా బెంచి మీద రెండేళ్ల కన్నా నీకు ఎక్కువ నేర్పుతాయి.

నీ క్యాలెండర్ ఇలా పెట్టుకో. ఇప్పటి నుంచి వేసవి దాకా జీఆర్ఈ చదివి, సెలవుల్లో రాసెయ్యి. ఆగస్టులో క్యాట్‌కి రిజిస్టర్ అవ్వు, నవంబర్ దాకా దాని మీద ఉండు. డిసెంబర్‌లో తెలుగు చిత్తుప్రతి రాయి, జనవరి, ఫిబ్రవరిలో ఇంగ్లిష్‌లోకి తెచ్చి, నిన్ను బాగా ఎరిగిన ఒకరిచేత, అసలు ఎరగని ఒకరిచేత చదివించు. ఏప్రిల్‌లో మూడు నాలుగు స్కూళ్లకి పంపు, అంతకంటే వద్దు. ఒక్కోదానికి వ్యాసాలు వేరు, పదింటికి రాస్తే పదీ పలచబడతాయి.

ఇవన్నిటికంటే ముందు, ఈ వారమే పాస్‌పోర్టుకి అప్లై చెయ్యి. జీఆర్ఈ, జీమ్యాట్ పరీక్ష హాల్లో గుర్తింపుకి పాస్‌పోర్టు ఉంటే ఇబ్బంది ఉండదు. మన టెన్త్ మెమోల్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, కాలేజీ రికార్డుల్లో ఇంకోలా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విడమరిచి సర్‌నేమ్ గడిలో వేయించుకో. పరీక్షకి, అప్లికేషన్‌కి, బ్యాంకు లోన్‌కి అక్షరం తేడా లేకుండా అదే పేరు వాడు. ఆధార్‌లో తేడా ఉంటే ముందు మీ సేవకో ఆధార్ సెంటర్‌కో వెళ్లి అది సరిచేయించుకో, దానికే వారాలు పడుతుంది.